పెనుకొండ మిట్టలో గేరు

ఆ కారును నేనొక్కడినే బాగుచేశానని హిందూపురంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు కనుక ఇది రాస్తున్నాను.

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన, గేర్లు వాటంతటవే మారే పాత అమెరికా కారు కొని, దానికి వేరే ఇంజను పెట్టించాడు. అప్పటినుంచి పెనుకొండ మిట్టలో బండి వేగం అందుకోకముందే పై గేరు పడి, ముక్కుతూ ఎక్కేది. యాక్సిలరేటర్ పెడల్ మీద కాలు ఆడించి దాన్ని ఎక్కించే నేర్పు ఆయన డ్రైవరుకే ఉండేది. ఆ నేర్పే అతనికి అన్నం పెట్టేది.

వ్యాపారి ఆ కారు నాకు అప్పగిస్తే, నేను గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ఒక ఇంగ్లీషు పుస్తకం పట్టుదలగా చదివి, పెడల్ నుంచి గేరుపెట్టెకు పోయి గేరు ఎప్పుడు మారాలో నిర్ణయించే కడ్డీ పొడవు సరిచేయాలని చెప్పాను. బండి కిందికి దూరి మర తిప్పింది డ్రైవరే. గేరు ఎంత వేగంలో మారాలో తేల్చిందీ అతనే.

ఆ రోజు బండి మిట్ట సులువుగా ఎక్కింది.

"ఏమప్పా, ఇంగ నా కాలికి ఈడ పనేముండాది?" అని డ్రైవరు నవ్వాడు. నేనూ నవ్వాను.

"అవునబ్బా, ఇంత సులువైతే నేనే తోలుకుంటా," అన్నాడు వెనక కూర్చున్న వ్యాపారి. అది హాస్యమనుకున్నాం. మరుసటి వారం డ్రైవరును మానిపించాడు.

పుస్తకం ఇంటికిచ్చిన గ్రంథపాలకుడికి, కారు నమ్మి అప్పగించిన వ్యాపారికి నా కృతజ్ఞతలు. అందరికన్నా ఎక్కువ సాయం చేసింది డ్రైవరు. అతనికి ఆ మాట చెప్పడానికి మాత్రం నాకు నోరు రాదు.