ఉమారాణి చేతి పట్టు

ఉమారాణి గహ్వా కూజా పట్టుకునే చేయి మార్చిన రోజే నాకు అనుమానం మొదలైంది.

ఈ అరబ్బు దేశంలో, అల్ అజీజియాలో మేమిద్దరం ఒకే ఇంట్లో పని చేస్తాం. నాది వంట. ఆమెది ఊడ్పు, తుడుపు, ఆడ అతిథులకు గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోయడం. రాజోలు వైపు మనిషి, నలభై దాటింది. గహ్వా పోసేటప్పుడు కూజా ఎడమ చేతిలో ఉండాలి, కప్పు కుడి చేత్తో ఇవ్వాలి. ఇక్కడ పసిపిల్లకైనా తెలిసిన మర్యాద. ఏళ్ళ తరబడి తప్పు చేయని ఉమారాణి ఆ రోజు మేడమ్ ఆడబిడ్డకు ఎడమ చేత్తో కప్పు చాచింది. ఆవిడ అందుకోలేదు. ఇంకోసారి ఇలా జరిగితే దేశం వదిలిపొమ్మనే ఖురూజ్ ముద్ర కొట్టించి ఇంటికి పంపేస్తానని మేడమ్ వంటింట్లోకి వచ్చి మరీ చెప్పింది.

దీనికి కావలసింది అదేనేమో అనుకున్నాను. పని ఎగ్గొట్టి ఊరికి పోవాలనుకునేవాళ్ళ ఎత్తులు నేను చాలా చూశాను.

అంతలో ఇంకొకటి కంటబడింది. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక, అబాయా కింద ఏదో దాచుకుని గేటు పక్కన డ్రైవర్ బాబావలి గదికి పోతోంది. ఇదా సంగతి అనుకుని వెనకే పోయి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏం మే, ఏం దాచిపెట్టుకోని పోతాండావు?"

తీసి చూపించింది. ఆవకాయ సీసా.

"మూత రావట్లేదండి పెద్దమ్మగారూ."

"నిన్న టమాటా సీసా, మొన్న ఫినాయిల్ డబ్బా" అన్నాడు బాబావలి. "నన్ను డ్రైవరని ఎవరన్న్యారత్తా, మూతలు తీసేవాణ్ణి."

నేను నమ్మలేదు. మూత తీయడానికి నేను చచ్చానా? మర్నాడు దుప్పట్లు తడిపి ఆమెను పిలిచాను. ఇద్దరం చెరో కొస పట్టి పిండుతాం. నటించేవాళ్ళు ఇటు మెలిక పడగానే అటు మెత్తగా వదిలేస్తారు. ఈమె వదల్లేదు. పళ్ళు బిగించింది, మెడ నరాలు ఉబ్బాయి. అయినా దుప్పటి వేళ్ళలోంచి జారిపోయింది.

"సబ్బు జిడ్డండి" అంది గబుక్కున వంగి.

ఆ దుప్పటికి నేను సబ్బే పెట్టలేదు. లేని నీరసం నటిస్తోందని నేననుకుంటుంటే, ఆమె లేని బలం నటిస్తోంది.

"ఎన్నాళ్ళాయ మే ఇట్ల?"

"చానాళ్ళయిందండి. మేడమ్‌కి తెలిస్తే మెడికల్‌కి పంపుతారు. అన్‌ఫిట్ అంటే విమానం ఎక్కించేత్తారు. మా పాప నర్సింగు ఇంకా అవలేదండి."

ఈమెను డాక్టరుకు చూపించమని మేడమ్ దగ్గరికి నేనే పోయాను. నాటకం కాదు కదా అంది. నాటకమైతే నన్నూ పంపించెయ్ అన్నాను.

క్లినిక్‌లో నర్సు ప్రేమలత జగిత్యాల పిల్ల. ఒక ఇనుప పిడి ఇచ్చి పిసకమంది. పిసికితే ముల్లు తిరుగుతుంది. ఉమారాణి పిడిని తొడకేసి అదుముతోంది.

"తొడతో నొక్కుతాంది, చూడు" అన్నాను.

"గిది ఈడ ఉండనిచ్చే ఇఖామా కార్డు టెస్టు కాదక్కా" అంది ప్రేమలత. "చెయ్యి ఇడిసి ఒత్తు. ఎంతుందో తెలిస్తెనే మందు రాస్తరు."

ఈసారి ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.

రక్తం తీశారు. షుగరు లేదు, థైరాయిడ్ లేదు. ఒంట్లో డి విటమిన్ అడుగంటిందట, తిండిలో సత్తువ లేదట. ఇంత ఎండల దేశంలో ఎండ తగలకపోవడమేమిటని నాకు ఆ డాక్టరు మీదా అనుమానమే. కానీ ఇల్లు, కారు, అబాయా దాటి ఉమారాణి ఎండ చూసిందెప్పుడు?

తిండి మాట అడిగితే తల దించుకుంది.

"ఈ ఇంటి కూర ముట్టనండి. ఏది గొడ్డుదో, ఏది ఒంటెదో. ఆవకాయే."

"నేను వండిన కోడి మింద కూడా అనుమానమా నీకు?"

"గరిటె ఒకటే కదండీ."

ఇన్నాళ్ళూ నా గరిటెను అనుమానించిందన్నమాట. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కొత్త గిన్నెలో గుడ్లు ఉడకబెట్టి ముందు పెట్టాను.

"ఇదీ ఒంటె పెట్టిందే అంటావేమో."

తింది. మాత్రలు మింగించాను, పొద్దున్నే జాకెట్టు చేతులు పైకి మడిపించి మిద్దె మీద బట్టలు ఆరేయించాను. నర్సు చెప్పినట్టు రబ్బరు బంతి పిసికించాను. అన్నాళ్ళూ అతిథులొస్తే కూజా సగమే నింపి ఇచ్చాను.

నెలలు గడిచాయి. మేడమ్ ఆడబిడ్డ మళ్ళీ వచ్చింది. ఆ రోజు కూజా నిండా పోశాను. తలుపు వెనక నిలబడి ఆ ఎడమ చేతినే చూశాను. వణకలేదు. ఆవిడ కుడి చేతి కప్పు అందుకుని తాగి, ఇక చాలన్నట్టు ఊపి ఇచ్చేసింది. మేడమ్ ఖురూజ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం ఉమారాణి నా ముందే ఆవకాయ సీసా మూత తిప్పి తీసింది. ఆ పూట బాబావలి ఇంట్లో ఉన్నాడా లేడా అని నేను గేటు దాకా వెళ్ళి చూసి వచ్చాను. కారు లేదు. అప్పుడు నమ్మాను.