తడిగోనెలో మినుములు

నాతవరం ఆటోలో ధనమ్మ తడిగోనె మూటను ఒళ్లో పెట్టుకుని, సీసామూతతో దారంతా నీళ్లు చిలకరిస్తూ వచ్చింది. అందులో నూరు మినపగింజలు ఉన్నాయి. ఏటా విత్తనం చల్లేముందు అలా మొలకెత్తించి చూడటం ఆమె అలవాటు. ఈసారి సంచి మీద నూటికి డెబ్బై అయిదు మొలుస్తాయని రాసుంటే, మొలిచింది సగమే. "ఒక్కసారికే తేలదమ్మా, మళ్లీ సూడు," అన్నాడు నర్సీపట్నంలో విత్తనాలమ్మే మన్మథరావు. రెండోసారీ సగమే. ఈ మూడో మూటను అతని బల్లమీదే విప్పింది. అతను గింజగింజనూ వేలితో జరిపి లెక్కపెట్టి, కళ్లజోడు తీసేశాడు. "నువ్వు సెప్పిందే నిజం ధనమ్మా. సంచి మార్సిత్తాను." ఆమె కదల్లేదు. మొలవని గింజల మీద మళ్లీ నీళ్లు చిలకరించింది. "ఇంకోపాలి లెక్కెట్టండి బాబూ. నాదే తప్పని సెప్పండి. వాన పదును పోద్దని, ఈ ఏడు మొలక సూడకుండానే ఈ ఇత్తనమే సేనంతా సల్లేశాను."