అంకె మీద అంటించిన కాగితం

మా బావమరిది పోయాడన్న కబురు వచ్చేసరికి నేను కొట్లో రెండు కంప్యూటర్ల మధ్య కూర్చుని ఉన్నాను. రెండింటిలోనూ ఒకటే కార్ల పందెం ఆట నడుస్తోంది. ఒకదాన్లో ఒక పాత గ్రాఫిక్స్ కార్డు, రెండోదాన్లో ఇంకో పాత కార్డు. రెండిట్లో ఏది కొనుక్కోవాలో చెప్పమని ఒకాయన వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఫోనులో మా ఇంటావిడ "తమ్ముడు ఎల్లిపోనాడు" అని మాత్రం అంది. ఫోను పెట్టేశాను.

"ఏదండీ బాగుంది?" అని ఆయన మళ్ళీ అడిగాడు.

నాకు రెండు తెరలూ అలుక్కుపోయి కనిపించాయి. ఇవాళ చెప్పలేనండి అని చెప్పి రెండూ ఆపేసి, కొట్టు మూసి ఆస్పత్రికి నడిచాను.

నేను మాటలు తక్కువ మనిషిని. మా ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. రాయడం నాకు అలవాటు లేదు. కొట్టుకి వచ్చేవాళ్ళు నలుగురూ కలిసి, ఆయన గురించి మీరే రాయాలి, మీరు కాకపోతే ఎవరు రాస్తారు అన్నారు. అందుకని కూర్చున్నాను.

సీతమ్మధారలో ఒక క్లినిక్కు పక్క సందులో మా బావమరిది కొట్టు. పాత కంప్యూటర్ సామాను కొని, బాగుచేసి అమ్మేవాడు. అన్నిట్లోకీ ఆయనకి ఇష్టం గ్రాఫిక్స్ కార్డులు. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను, కంప్యూటరులో ఆట బొమ్మల్ని తెర మీదికి తెచ్చే పలక అది. ఆటలాడే వాళ్ళకి అదే ప్రాణం. పాత కార్డు చేతికొస్తే ఆయన ముందు వాసన చూసేవాడు. కాలిన కార్డు వాసనలోనే తెలిసిపోతుందనేవాడు. తర్వాత జేబులోంచి పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరు తీసి, కార్డు అంచున వరసగా ఉండే బంగారు రంగు పళ్ళు తోమేవాడు. మన సముద్రం గాలికి ఆ పళ్ళు నల్లబడతాయి. జేబులో పెన్నూ రబ్బరూ చూసి వీధిలో వాళ్ళు "ఏటి మాస్టారూ, పరీచ్చలా?" అని ఎగతాళి చేసేవారు. "అవును, రోజూ పరీచ్చే" అని నవ్వేవాడు.

"డబ్బా మీద రాసింది డబ్బా అమ్మడానికి బావా. కార్డు సంగతి కార్డునే అడగాల" అనేవాడు.

నేను హార్బర్లో క్రేను నడిపేవాణ్ణి. ఇరవై ఏళ్ళు పైనే నడిపాను. ఒక ఏడాది కళ్ళ పరీక్షలో డాక్టరుగారు గోడ మీది అక్షరాలు చదవమన్నారు. కింది రెండు వరసలు కనబడలేదు. కనబడలేదనే చెప్పాను. ఆ ఒక్క మాటతో క్రేను దిగిపోయాను. తర్వాత గేటు దగ్గర చీటీలు చూసే పని ఇచ్చారు. కొన్నాళ్ళు చేసి, రిటైరవడానికి ఇంకా గడువు ఉండగానే మానేసి ఇంట్లో కూర్చున్నాను. అద్దాలు పెట్టుకున్నాక చూపు బాగానే ఉండేది గానీ, ఆ మాట మాత్రం లోపల ఉండిపోయింది. ఎవరైనా అదిగో చూడు అని ఏదైనా చూపిస్తే, కనబడకపోయినా చూశాననేవాణ్ణి. కనబడలేదన్న మాట మళ్ళీ నోట్లోంచి రానివ్వకుండా బతికాను.

ఒకరోజు పొద్దున్న బావమరిది ఇంటికి వచ్చాడు.

"బావా, కొట్టుకి రా. నీతో పనుంది."

"కంప్యూటర్ల గురించి నాకేటి తెలుసు?"

"తెలీదు గనకే రమ్మంతన్నాను."

మా ఇంటావిడ వంటింట్లోంచి, "ఎల్లండి, ఆ గోడల్ని ఇంకెంతకాలం సూత్తారు? అయ్యేటి పారిపోతాయా?" అంది. వెళ్ళాను.

కొట్లో రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. రెండు తెరలకీ పైన ఒక మూల పాత క్యాలెండరు ముక్క అంటించి ఉంది. అదేమిటని అడిగితే చెప్పాడు. ఆట నడుస్తున్నప్పుడు ఆ మూల ఒక అంకె కదులుతూ ఉంటుందట. సెకనుకి ఎన్ని బొమ్మలు వస్తున్నాయో అది చెప్తుందట. కార్డులు పోల్చడానికి వచ్చిన వాళ్ళందరూ ఆట చూడ్డం మానేసి ఆ అంకెనే చూస్తారట.

"నీకు అంకె వద్దు, కార్డు పేరూ వద్దు. ఆట సూసి ఏది బాగుందో సెప్పు, సాలు."

అరగంట చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. ఆ మాట అనలేక, ఎడమపక్కది బాగుందన్నాను. ఆయన రెండు పెట్టెల మూతలూ తీసి చూపించాడు. రెండింటిలోనూ ఒకటే రకం కార్డు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆయన నవ్వలేదు. రబ్బరుతో ఏదో కార్డు తోముకుంటూ, "తేడా కనబడాపోతే కనబడ్నేదని సెప్పాల బావా. అదీ తీర్పే. కనబడని తేడాకి ఎవుడైనా ఎక్కువెందుకు పెట్టాల?" అన్నాడు.

నేను ఆ మాట ఎందుకు అనలేకపోయానో ఆయనకి తెలుసో లేదో నాకు తెలీదు. నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మర్నాటి నుంచి రోజూ వెళ్ళేవాణ్ణి. మెల్లగా నాకు కొన్ని కనబడసాగాయి. క్రేను మీద సరుకు ఎత్తేటప్పుడు వేగం ఎవరైనా చూస్తారు. మేము చూసేది ఊపు. తాడు ఎక్కడ గుంజిందో కుర్చీలోనే తెలుస్తుంది. ఒక కార్డు అలాగే తిన్నటి రోడ్డు మీద బాగా పరిగెత్తి, కార్లన్నీ గుమిగూడే మలుపులో చిన్నగా గుంజింది. ఆ సంగతి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు.

"అదే బావా! అంకె బాగానే ఉంతాది, మజ్జలో గుంజుతాది. నాను ఆర్నెల్లుగా అనుమానపడతన్నాను. నీకు అచ్చరాలు కనబడాపోతే పోనాయి, ఊపు కనబడతాది!"

ఆ రోజు ఇంటికి నడిచే వెళ్ళాను. బస్సెక్కడం మర్చిపోయాను.

ఆ కాలంలో మా కొట్లో ఎక్కువగా వచ్చిన పాత కార్డులు రెండు రకాలు. ఒకటి ఎర్ర పలక, పెద్ద ఫ్యాను, రెండొందల యాభై ఆరు ఎంబీ మెమరీ. రెండోది పచ్చ పలక, చిన్న ఫ్యాను, నూట ఇరవై ఎనిమిది. పెద్ద అంకె చూసి అందరూ ఎర్రదే అడిగేవారు. ధరా ఎక్కువే. దానికి కరెంటూ ఎక్కువ కావాలి, ఎండాకాలం వేడీ ఎక్కువ. పెద్ద తెర మీద, కొత్త తుపాకీ ఆటల్లో ఎర్రది ముందుంటుంది. అది నేను చూసి చెప్పిందే. తక్కినచోట ఏది మేలో మనిషిని బట్టి, తెరని బట్టి ఉంటుంది.

మధురవాడలో మూసేసిన ఒక కంప్యూటర్ ఆటల సెంటరు నుంచి ఆయన ఒకేసారి ఆరు ఎర్ర కార్డులు తెచ్చాడు. మూడు నెలలు అలమారలోనే ఉండిపోయాయి. "అక్కా, ఆ ఆరూ కదిల్తే గానీ నాకు ఊపిరాడదు" అని మా ఇంటావిడతో అనడం నేను విన్నాను.

అప్పుడే కొట్టుకి ఒకావిడ వచ్చింది. పెదజాలారిపేట నుంచి రోజూ ఆ వీధుల్లో చేపలమ్మడానికి వచ్చే మనిషే. తట్ట గుమ్మం బయట దించి లోపలికి వచ్చింది. ఇంటి ముందు గదిలో ఆటల సెంటరు పెడుతోందట. ఆరు పాత కంప్యూటర్లు చిన్న తెరలతో సహా ఎక్కడో కొనేసింది. ఇక కార్డులు కావాలి.

"మా ఆయన బోటెక్కితే వారం రాడు. ఈ తట్ట మోసీ మోసీ నా మెడ పోతంది. ఎర్రయ్యి ఆరు ఇచ్చీ బావూ. పెద్దయ్యంట గదా."

"ముందు మా బావ సూత్తాడమ్మా" అన్నాడు బావమరిది.

"ఈయనా? నానొచ్చిన కాణ్ణించీ నోరిప్పనేదు. మూగోడేటి?"

"మాటాడడు. సూత్తాడు."

"అయితే బేగి సూడమను. నా సేపలు ఎండలో ఉన్నాయి."

ఆవిడ కొన్న తెరల్లాంటివే చిన్నవి రెండు తెచ్చి, ఒకదానికి ఎర్రది, ఒకదానికి పచ్చది తగిలించాడు. నేను కూర్చున్నాను. కార్ల ఆట చూశాను. తుపాకీ ఆట చూశాను. మలుపులు చూశాను, పొగ చూశాను. మళ్ళీ మొదట్నుంచి చూశాను. అలమారలో ఆరు ఎర్రవి నా వీపు వెనకే ఉన్నాయి. ఎర్రది బాగుందని ఒక్క మాటంటే ఆయనకి ఊపిరాడుతుంది. ఆవిడ కూడా ఆ మాట కోసమే నిలబడి ఉంది. ఆవిడ నుదుటి మీద, తట్ట కింద పెట్టుకునే గుడ్డ చుట్ట ఒత్తిన నలుపు కనబడుతోంది.

"నాకు తేడా కనబడ్నేదమ్మా" అన్నాను.

ఆవిడ రెండు తెరల మీదికీ వంగి చూసింది.

"కనబడాపోడవేటి? అంత పెద్ద ఫ్యానుంటేనీ!" అంది ఆవిడ.

బావమరిది అలమార వైపు చూడనైనా చూడలేదు. "అయితే పచ్చయ్యే పట్టుకెల్లమ్మా. మిగిలిందాంతో మంచి కుర్చీలు కొనుక్కో" అన్నాడు.

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీరు బేరగాళ్ళేటి బావూ! నానైతే నిన్నటి సేపని కూడా ఇలాగ ఒగ్గుకోను" అని నవ్వింది. వెళ్తూ వెళ్తూ ఒక చందువా చేప కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టింది. "ఇది మూగాయనకి."

ఆవిడ వెళ్ళాక, "ఎర్రయ్యి ఉండిపోనాయి" అన్నాను.

"ఉండనీ బావా. ఇన్నాళ్ళకి సెప్పినావు" అన్నాడు. అంతే. మళ్ళీ రబ్బరు తీసి తోముకోవడం మొదలుపెట్టాడు. ఆ ఎర్రవి తర్వాత ఒక్కొక్కటే, పెద్ద తెరలున్న వాళ్ళకి వెతికి వెతికి ఇచ్చాడు. చాలాకాలం పట్టింది.

ఆయనకి జబ్బు చేసిన సంగతి ముందు నేనే పట్టానని మా ఇంటావిడ అంటుంది. నిజమే. కార్డు బిగించేటప్పుడు చెయ్యి వణకడం చూశాను. కడుపులో జబ్బు. ఆస్పత్రిలో పడుకున్న నెల రోజుల్లో మనిషి సగమయ్యాడు. కళ్ళు పచ్చబడ్డాయి. అద్దం అడిగితే వాళ్ళక్క ఇవ్వలేదు, దొరకలేదని చెప్పింది.

పోయేముందు ఆదివారం నేను వెళ్ళాను. మా ఇంటావిడ మందుల కోసం కిందికి దిగింది. ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"బావా, పోయినారం సూసినావు. ఇప్పుడు సూత్తన్నావు. తేడా ఏటైనా ఉందా? నువ్వైతే సెప్తావు."

ఎప్పటిలాగే తొందర పడకుండా చూశాను. మెడ దగ్గర ఎముకలు చూశాను. దుప్పటి కింద కాళ్ళు ఎంతో సన్నంగా ఉన్నాయి. చొక్కా జేబులో రబ్బరు ఉండే చోటు ఖాళీగా ఉంది. క్రేను మీద ఇరవై ఏళ్ళు, కొట్లో ఇన్నేళ్ళు చూసిన కళ్ళు నావి.

"కనబడ్నేదు" అన్నాను.

ఆయన చాలాసేపు నా మొహంలోకే చూశాడు. తర్వాత, కొట్లో నవ్వినట్టే, నవ్వాడు.

"అదీ తీర్పే బావా" అని కళ్ళు మూసుకున్నాడు.

పన్నెండో రోజు అయ్యాక కొట్టు తెరిచాను. చేపలావిడ వచ్చింది. ఇప్పుడు తట్ట లేదు. "పచ్చయ్యి ఆరూ ఇంకా ఆడతన్నాయి. ఒక్కటీ ఆగనేదు. కుర్చీలు కొనుక్కోమన్నాడు గదా, పిల్లలకి ఆరు, నాకొకటి కొనుక్కున్నాను" అని కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత, కబురు వచ్చిన రోజున బల్ల మీద కూర్చున్నాయన మొహమాటపడుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రండి, చూద్దాం అన్నాను.

రెండు కంప్యూటర్లూ పెట్టాను. ఒకటే రోడ్డు, రెండు తెరల మీద. మూలల్లో ఆయన అంటించిన క్యాలెండరు ముక్కలు పసుపు పచ్చబడ్డాయి. ఎడమ దాని అంచు గాలికి లేచి ఉంది. బొటనవేలితో నొక్కి మళ్ళీ అంటించాను. దాని కింద అంకె కదులుతూనే ఉండి ఉంటుంది. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ ఆ కాగితం ఎత్తి చూడలేదు.