చూద్దాం మేస్త్రీ, అత్త షట్టరూ

మా చిన్నాన్న అసలు పేరు బజారులో ఎవరికీ తెలియదు. చెడిపోయిన వస్తువు ఏది తెచ్చి బల్ల మీద పెట్టినా అటూ ఇటూ తిప్పి "చూద్దాం" అంటాడు. అవుతుందనడు, కాదనడు. అందుకే ఆయన అందరికీ చూద్దాం మేస్త్రి. పక్కనున్న చెప్పుల కొట్టాయన రోజూ పొద్దున్నే "చూద్దాం గారూ, చూశారా?" అని పలకరిస్తాడు. ఆయన తలెత్తకుండానే "చూస్తున్నా" అంటాడు.

కొట్టులో రెండు బల్లలు. ఫ్యాన్లూ మిక్సీలూ నావి, రిమోట్లూ బోర్డులూ ఆయనవి. చూద్దాం అనే ఆ ఒక్క మాటతో ఆయన ఇన్నేళ్ళూ ఊరందరితో నెట్టుకొచ్చాడు. మా అత్త దగ్గరే అది చెల్లలేదు.

అత్త చిన్నాన్నకు సొంత అక్క. కాళ్ళు పనిచేయవు. బ్యాటరీ కుర్చీలో తిరుగుతుంది. ఒకప్పుడు గోదాముగా వాడిన పెద్ద గదిలో ఒక్కతే ఉంటుంది. వెనక తలుపుకు మెట్లున్నాయి కాబట్టి ఆమెకున్న దారల్లా ముందున్న ఇనుప షట్టరే. దానికి మోటారు బిగించి, రిమోట్ ఆమె చేతిలో పెట్టింది చిన్నాన్నే. ఆ బటన్ నొక్కుకుని అత్త ఎవరినీ బతిమాలకుండా రక్తపరీక్షల ల్యాబుకు వెళ్ళి, రిపోర్టులు టైపు చేసి, తిరిగొచ్చి, తలుపేసుకుని పడుకునేది. ఆమెకు బతుకంటే అదే.

ఆ రిమోట్ ఒకనాడు చచ్చిపోయింది.

విప్పితే లోపల చిప్ కాలి ఉంది. బటన్ నొక్కగానే ఒక కోడ్ తయారుచేసి గాల్లోకి పంపేది ఆ చిప్పే. షట్టర్ మోటారులోని రిసీవరు ఆ కోడ్ వింటే కదులుతుంది, వేరేది వింటే చెవిటిదానిలా కూర్చుంటుంది. ఆ రకం చిప్ తయారీ ఎప్పుడో ఆపేశారట. బజారులో నేను ఎక్కని కొట్టు లేదు. ఒక్కడైనా దాన్ని చేతిలోకి తీసుకుని చూడలేదు. "ఇంకా ఇవి వాడుతున్నారా? మొత్తం మార్చేయండి బ్రదర్." మార్చేయండి అనే ఒక్క మాట వస్తే చాలు, ఈ రోజుల్లో ఎవడైనా కొట్టు తెరవచ్చు. రిసీవరేమో మోటారు పెట్టెలోనే నల్లటి జిగురు పోసి గడ్డకట్టించి ఉంది. దాన్ని మార్చాలంటే మోటారే దింపాలి. మోటారు దింపితే మళ్ళీ ఎక్కించనివ్వడు ఇంటి యజమాని. ఆ గదిని తిరిగి గోదాముకిద్దామని ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు.

"షట్టరుకి లోపల చేత్తో లాగే చెయిన్ ఉందిగా అక్కా," అన్నాడు చిన్నాన్న మొదటిరోజు. "కుర్చీలోంచి నీ వల్ల కాదుగానీ, కొన్నాళ్ళు పై వాటాలో ఆయన లాగుతాడు."

అత్త ఆయన వంక చూసింది. నేను గోడవైపు తిరిగాను.

"లాగుతాడ్రా. ఆయన లేవాలి, పళ్ళు తోముకోవాలి, పేపరు చదవాలి, పెళ్ళాంతో ఒక రౌండు పోట్లాడాలి. అప్పుడు వెనక తాళం తీసుకుని లోపలికొచ్చి లాగుతాడు. ఆ తాళంచెవి కూడా ఆయన దగ్గరే. అందాకా నేను ఒళ్ళో సంచీ పెట్టుకుని, జడేసుకుని, బడిపిల్లలా కూర్చోవాలి. ల్యాబులో ఏమన్నారో తెలుసా? నెలాఖరు దాకా చూస్తారట. ఆ తర్వాత కొత్తమ్మాయిని నా సీట్లో పెడతారట. ఇప్పుడు చెప్పు. నీ వల్ల అవుతుందా, కాదా?"

"చూద్దాం."

"వద్దు. ఆ మాట నీ బజారోళ్ళకి చెప్పుకో. అవునంటే అవునను, కాదంటే కాదను. గోడమీద పిల్లిలా కూర్చోకు."

చిన్నాన్న రిమోట్ జేబులో వేసుకుని లేచాడు.

ఆయన ఎంచుకున్న దారి ఇది. మైక్రోకంట్రోలర్ అని వేలిగోరంత చిప్ ఉంటుంది. దానికి సొంతంగా ఏమీ రాదు, మనం ఏ పని రాసి ఎక్కిస్తే అదే చేస్తుంది. చచ్చిపోయిన చిప్ పంపే కోడ్‌ని దీనిచేత పంపిస్తే రిసీవరుకు తేడా తెలియదు. వీడియోలు చూసి ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఒక్కో అక్షరం పొడుచుకుంటూ ఆయన టైపు చేస్తుంటే నాకు ఒళ్ళు మండేది. "నేను కొడతా, నువ్వు చెప్పు" అంటే "నా తప్పు నన్ను చేసుకోనీరా" అనేవాడు.

చేసుకున్నాడు. కొత్త చిప్‌ని పాతదాని స్థానంలో నేరుగా అతికించి బ్యాటరీ పెట్టాడు. రిమోట్ బ్యాటరీ పన్నెండు వోల్టులది. పాత చిప్ దాన్ని అలాగే మింగేది. కొత్తదానికి అయిదు దాటితే ప్రాణం పోతుంది. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. పాత చోట పెడుతున్నప్పుడు పాత అలవాటే చేతికొచ్చింది. సన్నగా పొగ లేచింది. వాసన గోడ దాటింది.

"చూద్దాం గారూ! ఇవాళ ఏదో గట్టిగానే చూసినట్టున్నారే!" అని చెప్పుల కొట్టాయన కేక.

మరో చిప్ తెచ్చి, ఈసారి వోల్టేజి తగ్గించే ముక్క మధ్యలో పెట్టాడు. బల్ల మీద రిమోట్ లైటు మిణుకుమిణుకుమంది. ఇద్దరం అత్త ఇంటికి పరుగెత్తాం. నొక్కాడు. షట్టరు కదల్లేదు. ఆ రిసీవరు కూడా మా అత్త లాంటిదే, ఒకసారి చెబితే నమ్మదు. అదే కోడ్ వరసగా మళ్ళీ మళ్ళీ వినబడాలి. అందుకు తగ్గట్టు ప్రోగ్రాం మార్చాడు. అయినా కదల్లేదు. వేగం పెంచాడు, తగ్గించాడు, ఏరియల్ తీగ మార్చాడు. పోతూ వస్తూ మేం దారి అరగదీయడమే గానీ ఆ ఇనపరేకు చలించలేదు. ల్యాబులో కొత్తమ్మాయి అప్పటికే అత్త కుర్చీ పక్కన స్టూలు వేసుకుని పని నేర్చుకుంటోంది.

"చిన్నాన్నా, మన వల్ల కాదని చెప్పేద్దాం," అన్నాను. నాకు ఆయన మీద కోపం లేదు. మార్చేయండి అన్నవాళ్ళే గెలుస్తున్నారని కోపం.

"కాళ్ళన్నీ సరిగ్గానే చదివానే," అన్నాడు, నాకు కాదు, రిమోట్‌కి.

కాళ్ళంటే పాత చిప్ కాళ్ళు. వాటిలో కొన్నిటిని ప్లస్ తీగకీ కొన్నిటిని మైనస్‌కీ అతికిస్తారు. ఏది ఎటు అన్నదాన్నిబట్టే కోడ్ తయారవుతుంది. ఆయన భూతద్దం పెట్టుకుని ఒక్కో కాలూ చూసి ప్రోగ్రాంలో రాశాడు. ఆ రాత్రి మేం అత్త గదిలోనే ఉండిపోతే, పైనాయన వెనక తాళం వేసుకుని వెళ్ళి పడుకున్నాడు. తెల్లారేసరికి చిన్నాన్న అత్త మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆ వరసే మళ్ళీ పైకి చదువుతున్నాడు: ప్లస్, మైనస్, మైనస్...

"అన్నీ రెండే రకాలా?" అంది అత్త.

"రెండే ఉంటాయక్కా."

"మరి బిగించిన రోజు ఛాతీ విరుచుకుని చెప్పావుగా! కొన్ని కాళ్ళు దేనికీ అతికించలేదు, గాల్లో వదిలేశాను, దొంగవెధవ తలకిందులుగా తపస్సు చేసినా ఈ కోడ్ దొరకదు అని. నేను కాఫీ ఇస్తే చల్లారేదాకా అదే చెప్పావు."

చిన్నాన్న చదవడం ఆపి, నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకున్నాడు.

ఆయనకు పని నేర్పిన గురువుకి ఒకటే పట్టింపు ఉండేది. ఏ కాలునీ గాల్లో వదలకూడదు, ఖాళీగా ఉంటే మైనస్‌కి కట్టెయ్యాలి. తప్పితే చేతిమీద స్క్రూడ్రైవర్ పిడితో కొట్టేవాడట. ఆ దెబ్బల వల్ల ఖాళీ కాళ్ళన్నిటినీ ఆయన మైనస్‌గానే రాసుకుంటూ పోయాడు. కానీ పాత చిప్‌కు ఖాళీ అన్నదే మూడో గుర్తు. మైనస్‌కు రెండు పొట్టి దెబ్బలు, ప్లస్‌కు రెండు పొడుగు దెబ్బలు, ఖాళీకి ఒక పొట్టి, ఒక పొడుగు. అటూ కాదు, ఇటూ కాదు.

"బుర్ర పుచ్చిపోయింది," అన్నాడు.

"ఇవాళ తెలిసిందా?" అంది అత్త.

అక్కడే కూర్చుని ఖాళీ కాళ్ళన్నిటినీ దిద్దాడు. చిప్‌లోకి ఎక్కించాడు. రిమోట్ మూత కూడా వేయకుండా అత్త చేతికిచ్చాడు. తను నొక్కలేదు.

అత్త నొక్కింది. షట్టరు ఒళ్ళు విరుచుకున్నట్టు కిర్రుమని పైకి లేచింది. వెలుతురు ముందు ఆమె కుర్చీ చక్రాల మీదికి, తర్వాత ఒళ్ళోకి వచ్చింది. అత్త సంచీ అందుకుని, కుర్చీని ఒక్క ఊపున వీధిలోకి పోనిచ్చి, వెనక్కి చూడకుండా, ఇన్నేళ్ళ అలవాటు ప్రకారం చెయ్యి భుజం మీదుగా చాచి బటన్ నొక్కింది.

షట్టరు దిగిపోయింది. మేమిద్దరం లోపల ఉన్నాం.

"అత్తా!" అని అరిచాను. కుర్చీ మోటారు చప్పుడు మలుపు తిరిగింది. వెనక తలుపుకు బయట తాళం. పైనాయన ఇంకా లేచినట్టు లేడు. గదిలో చీకటి, సోల్డర్ వాసన.

"చెయిన్ ఉందిగా చిన్నాన్నా," అన్నాను. లాగి బయటపడొచ్చు, కానీ బయటినుంచి దాన్ని దించే వీల్లేదు, అత్త గది బార్లా వదిలేసి పోవాలి.

ఆయన నా వంక చూశాడు. మొదటిరోజు అత్త ఆయన్ని చూసిన చూపే అది. తర్వాత మంచం మీద కూర్చుని లాప్‌టాప్ మూశాడు.

"ఎప్పుడొస్తుందో అత్త," అన్నాను.

"సాయంత్రం ఆరుకి," అన్నాడు. మొదటిసారి ఆయన నోట చూద్దాం రాలేదు.