స్వెట్టర్లు పట్టుకున్న పిల్ల

తొంభైల్లో, ఢిల్లీ జనక్‌పురిలోని మా తెలుగు చర్చి యూత్ గ్రూపుకి నేను లీడర్ని. ఒక నర్సు ఆంటీ డౌన్ సిండ్రోమ్ ఉన్న తన కూతుర్ని తీసుకొచ్చి, "కాస్త మీలో కలుపుకోండమ్మా, ఇంట్లో ఒక్కతే ఉంటంది" అంది.

మేం ఏం మొదలుపెట్టినా ఆ పిల్ల నా చున్నీ లాగి "మై భీ, అక్కా?" అనేది, తనూ రావచ్చా అని. "నువ్వు లేకుండానా!" అనేదాన్ని. అనడానికేం, తేలికే.

క్రిస్మస్ పాట మాతోపాటే నేర్చుకుంది. గొంతు మాత్రం అందరికంటే ఒక మాట వెనక వచ్చేది. పండగ రోజు స్టేజీ ఎక్కేముందు, తెల్లబట్టలు కనబడాలని అందరం స్వెట్టర్లు విప్పాం. "మై భీ?" అంటూ తనూ బొత్తాలు తీయబోయింది. పాట చెడుతుందని నా భయం. "నువ్వు ఇవి పట్టుకో తల్లీ, చాలా పెద్ద పని" అని స్వెట్టర్లన్నీ ఆమె చేతుల్లో పేర్చాను. ముందు వరసలో ఆంటీ, పాట అయ్యేదాకా మాలో కూతురి కోసం వెతుకుతూనే ఉంది. దిగాక ఆ పిల్ల ఎవరి స్వెట్టరు వాళ్లకి, ఒక్కటీ మారకుండా ఇచ్చింది.

మళ్లీ ఎప్పుడూ నన్ను అడగలేదు. ఎండలొచ్చాయి, స్వెట్టర్లు పెట్టెల్లోకి పోయాయి. అయినా మేం పాటకి లేవగానే ఆ పిల్ల గోడ పక్కకి వెళ్లి, రెండు చేతులూ చాచి నిలబడేది.