ఎరుపు కనిపించకుండా పెట్టిన గుర్తు

ఆరేళ్లుగా ఒక మనిషి బతుకు మీద నా అబద్ధం కూర్చుని ఉంది. మీరు నన్ను ఎరగరు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను కంపైలరును పరీక్షించేవాణ్ణి. మనిషి రాసిన ప్రోగ్రామును ప్రాసెసర్ పాటించే ఆదేశాలుగా మార్చేది కంపైలరు. ఆ మార్పు సరిగ్గా జరిగిందో లేదో చూసేవి నా పరీక్షలు. నూజివీడులో ఇంటి నుంచే పని. ఆరేళ్ల కిందట, రిస్క్-ఫైవ్ అనే రకానికి చెందిన ఒక చిన్న ప్రాసెసర్ కోసం రాసిన పరీక్షలను మెరుగుపరచడం నా బాధ్యత. కొత్త కంపైలరు విడుదలకు ముందురోజు ఒక పరీక్ష తప్పింది. సున్నాకు తక్కువైన విలువను చదివేటప్పుడు మైనస్ గుర్తు పోతోంది. మాలో ఒక వాడుక ఉంది: తరువాత సరిచేద్దామనుకున్న పరీక్షకు 'తప్పుతుందని తెలిసినదే' అని గుర్తు పెడతాము. ఇక అది తప్పిన మిగతా పరీక్షల్లా నివేదికలో ఎర్రగా కనిపించదు. పెట్టాను. మరిచిపోయాను. నిజంగా మరిచిపోయానా?

ఆ వేసవిలో విస్సన్నపేటలో మా మావయ్య మామిడి మాగబెట్టే గదిలో బంగినపల్లి కాయలన్నీ చలికి నల్లబడ్డాయి. గది చూసుకునేది నాంచారయ్య. నన్ను పిలిచారు. చలిని అదుపు చేసే పెట్టెలోని ప్రోగ్రామును ల్యాప్‌టాప్‌లో తెరిచాను. పెట్టెలోనిదీ అదే ప్రాసెసర్; పెట్టె చేసినవాళ్లు ఆ ప్రోగ్రామును కొత్తగా మా కంపైలరుతోనే తయారుచేశారు. గది ఉండవలసినదాని కంటే చల్లబడగానే తేడా మైనస్‌లోకి వెళ్లాలి, యంత్రం ఆగాలి. మైనస్ గుర్తు పోయి అది పెద్ద సంఖ్యయింది. యంత్రం ఇంకా చల్లబరుస్తూనే పోయింది. పది నిమిషాల్లో నాకు అంతా అర్థమైంది.

"నేను మీట ముట్టుకోలేదండీ. పద్దెనిమిది డిగ్రీల మీదే ఉంది, చూడండి," అన్నాడు నాంచారయ్య.

"ముట్టుకోకపోతే కాయలు వాటికవే వణికాయా? రేపట్నించి స్వెట్టర్లు కుట్టిద్దామా వాటికి?" అని మావయ్య నా వైపు తిరిగాడు. "ఏరా, మిషన్లో ఏమన్నా తేడా ఉందా?"

"మీరన్నా చెప్పండి బాబూ," అన్నాడు నాంచారయ్య.

"మిషన్లో ఏమీ లేదు మావయ్యా."

అంతే అన్నాను. చదువుకున్నవాడు చెప్పాడు కనుక తన చెయ్యే ఎక్కడో పొరబడిందేమోనని, నాంచారయ్య తన వేళ్లవైపు చూసుకున్నాడు. మరునాటి నుంచి అతణ్ణి రావద్దన్నారు. నేను దేనికి భయపడ్డాను? ఉద్యోగం పోయేది కాదు. నలుగురిలో నన్ను గొప్పగా చెప్పుకునే మావయ్య ముందు చిన్నబోతానని, కేవలం అందుకని, యాభై దాటిన మనిషిని అబద్ధాలకోరుగా నిలబెట్టాను.

ఆ వారమే తప్పును సరిచేసి, ఆ గుర్తు తీసేశాను. పరీక్షలు బాగుపడ్డాయని ఆఫీసులో మెచ్చుకున్నారు. ప్రతి పరీక్ష పైన అది ఎందుకు అవసరమైందో ఒక వాక్యం రాయాలి. 'మైనస్ విలువల పరిశీలన' అని రాశాను. అబద్ధం కాదు. అందులో నాంచారయ్య లేడు.

ఇప్పుడతను చాట్రాయి తోటల్లో గడకు కట్టిన చిక్కంతో కాయలు కోస్తున్నాడు. మళ్లీ ఎవరూ అతనికి గది అప్పగించలేదు. మావయ్యకు నేనింకా చెప్పలేదు. చెబుతానని మీకు మాట ఇవ్వడానికి నా మాటకు విలువ లేదు.

నాంచారయ్య ఆ గదిని సరిగ్గానే చూసుకున్నాడు. కాయలు పోయింది నేను దాచిన తప్పు వల్ల. ఈ రెండు వాక్యాలు ఇంతవరకు ఎక్కడా లేవు. రాశాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. ఆ తేలికకూ సిగ్గుగానే ఉంది.