ఆదాము ముందు, జపాను తరవాత

రేవు ఆదాము సొంత మేనకోడలి నోటి దగ్గరి ఉద్యోగం లాక్కోబోయాడనీ, ఆమె కంటే ముందు లోపల దూరి జపాను దొరసాని చేత మెడబట్టి గెంటించుకున్నాడనీ కలకత్తా ఏక్‌బాల్‌పూర్ కుళాయి దగ్గర చెప్పుకుంటారు. చెప్పేది సింహాచలమ్మ. కళ్లారా చూసినట్టే చెబుతుంది. ఆ రోజు ఆవిడ కుళాయి దాటి ఎక్కడికీ పోలేదు.

నమ్మడం మాత్రం తేలికే. ఎక్కడైనా సరే, తనే ముందుండాలన్నది ఆదాముకున్న ఒకే ఒక్క జబ్బు. చర్చిలో పాస్టరుగారి ప్రార్థన సగంలో ఉండగానే "ఆమెన్" అనేస్తాడు. సమాధుల తోటకి శవం కన్నా ముందు చేరి, "ఇంకా రాలేదేటి?" అని విసుక్కుంటాడు. ఒకసారి యూనియన్ ఊరేగింపులో జెండాకన్నా ముందు నడిచాడు. జెండా కుడివైపు తిరిగింది. ఆదాము తిన్నగా పోయాడు. వెనక్కి చూసే అలవాటు లేదు కదా, చేపల బజారు దాకా ఒక్కడే జిందాబాద్ కొట్టుకుంటూ వెళ్లాడు. చేపలవాళ్లు హడలిపోయి బుట్టలు మూసేశారు. ఆ బజారులో అంత చక్కటి బంద్ మళ్లీ జరగలేదని పార్టీవాళ్లే ఒప్పుకున్నారు.

రేవులో, లోపల గాలి ఎలా ఉందో ఎవరికీ తెలియని మూసిన ఓడ అడుగుకి కూడా ముందు తనే దిగుతాడు. ఆ వరసలో పోటీకి ఎవరూ రారు కాబట్టి కుళాయి దగ్గర దాని ఊసు రాదు.

మేనకోడలు యూనిస్ ఇందుకు సరిగ్గా ఎదురు. ఎక్కడైనా వెనకే. ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఆలీపూర్‌లో ఒక జపాను ఇంజనీరు ఇంట్లో పిల్లల్ని ఆడించే పనిలో చేరింది. కొన్నేళ్లలో వాళ్లతో పాటే జపాను భాష నేర్చేసుకుంది. అయితే మాట్లాడేది పిల్లలతోనే. పెద్దవాళ్ల ముందు ఆమెకి తెలుగు కూడా రాదు. ఆ కుటుంబం తిరిగి జపాను వెళ్లిపోతూ, సాంస్కృతిక సంబంధాల కేంద్రంలో జపాను మాట్లాడే మనిషి కావాలట, వెళ్లి కనపడమని చెప్పింది. అది దొరక్కపోతే ఇక మిగిలింది బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లు.

"నానూ వత్తాను," అన్నాడు ఆదాము. "నాకూ జపాను వచ్చు."

"నీకెలాగొచ్చు మావయ్యా?"

"ఎన్ని జపాను ఓడలు దించీసినానే! ఆళ్లందరి ఇంటిపేరూ 'మారు'. మన బెనర్జీల్లాగ. పెతి ఓడ మీదా రాసుంటాది."

"అది ఓడ పేరు చివర పెట్టుకునే మాట మావయ్యా."

"ఓడకి ఇంటిపేరేటే? అది ఓనరుది!"

కేంద్రంలో బల్ల మీద కూర్చున్న తక్కినవాళ్లంతా కాన్వెంటు అమ్మాయిలు. జపాను గొప్పతనం గురించి ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. వాళ్లు యూనిస్ చెప్పుల వంక చూశారు. ఆ తరవాత ఆమె మొహం చూడాల్సిన అవసరం వాళ్లకి కనపడలేదు. యూనిస్ కాళ్లు బల్ల కిందికి లాక్కుంది.

గుమాస్తా నందీబాబు తలుపు తీసి పేరు పిలిచాడు. ఆదాము దిగ్గున లేచాడు.

"ఆప్‌ని కే, దాదా?" ఎవరు మీరని బెంగాలీలో కంగారుగా అడిగాడు నందీబాబు.

"ఆమి ఆగే! నానే ముందు!" అని రెండు భాషల్లోనూ జవాబిచ్చి, ఆదాము బూట్లు విప్పి ఆయన చేతుల్లో పెట్టి లోపలికి నడిచాడు. జపానువాళ్ల గదిలోకి బూట్లతో వెళ్లకూడదని ఓడ కప్తాను ఒకసారి తిట్టి నేర్పాడట.

తలుపు మూసుకోలేదు. మూయడానికి నందీబాబుకి చేతులు ఖాళీ లేవు.

"మారుగారూ!" అని ఆదాము నడుము వంచాడు. మోరికవా అనే ఆ జపాను దొరసాని మర్యాదగా తనూ వంగింది. ఆమె మళ్లీ వంగేలోగా ఆదాము వంగాడు. ఎవరు ముందన్న పందెం కాసేపు నడిచింది. అందులో గెలిచి, ఆదాము తనకొచ్చిన జపానంతా బయటికి తీశాడు. వచ్చిందల్లా సరుకు దించేటప్పుడు ఓడవాళ్లు అరిచే అరుపులే. వాటిని అదే గొంతుతో అరిచాడు.

"హయాకు! అబునాయ్!"

త్వరగా! ప్రమాదం! అని వాటికి అర్థం. దొరసాని ఒక్క గంతులో కిటికీ దగ్గరికి చేరింది.

యూనిస్ లోపల ఉంది. ఎలా వచ్చిందో తనకే తెలియదు. తల వంచి జపానులో క్షమాపణ మొదలుపెట్టింది. ఈయన మా మావయ్య, ఓడల్లో పని, మీ ఇంటిపేరు మారు అనుకుంటున్నాడు, ఎక్కడా నిప్పంటుకోలేదు, మనిషి మంచివాడు, గొంతొక్కటే చెడ్డది, దయచేసి కూర్చోండి.

దొరసాని కూర్చుంది. ఏదో అడిగింది. యూనిస్ జవాబు చెప్పింది. ఇంకోటి అడిగింది. ఈసారి యూనిస్ తలెత్తి చెప్పింది. దొరసాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏటంతన్నాది?" అన్నాడు ఆదాము.

"సోమవారం నించి పనిలోకి రమ్మంతన్నాది మావయ్యా."

"నన్నా?"

"నన్ను."

"సూసినావా! ముందడిగింది నాను, ఇచ్చింది నీకు. ఇదేటి న్యాయం?"

ఇప్పటికీ ఆ ఉద్యోగం తనకి వెంట్రుకవాసిలో తప్పిపోయిందని కనపడ్డవాళ్లందరికీ చెబుతాడు. సింహాచలమ్మకి కావలసింది కూడా అదే. యూనిస్ ఇప్పుడు జపాను నుంచి వచ్చేవాళ్లకి కలకత్తా చూపిస్తూ గంటలు గంటలు మాట్లాడుతుంది. కుళాయి దగ్గర మాత్రం బిందె నింపుకుని ఊరుకుంటుంది.

కుళాయి కథలో ఒక్క సంగతి లేదు. ఆ రోజు నందీబాబు పిలిచింది యూనిస్ పేరే. రెండుసార్లు పిలిచాడు. అప్పటికే ఆమె లేచి, బయటికి పోయే మెట్ల వైపు నడుస్తోంది.